బోర్డుల కొండమ్మ

అనంతగిరి ఆస్పత్రి, వికారాబాదు
12 జులై 1958

అక్క కొండమ్మకు శంకరప్ప మొక్కి రాస్తున్న ఉత్తరం.

కొండ మీది క్షయ ఆస్పత్రికి క్షేమంగా చేరాను. వరండాలో నాలుగో మంచం నాది. పక్క మంచం మత్తయ్య అనే రైతుది, నవాబుపేట వైపు మనిషి. నాకంటే మూడు నెలలు ముందొచ్చాడు కాబట్టి నాకు పెద్దదిక్కులా మాట్లాడతాడు. ఇక్కడి కోతులు మందు సీసాలను కూడా వదలవు. రోజూ ఒక సూది, మూడు పూటలా మాత్రలు. డాక్టరు గారు నా ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, ఏడాదికి తక్కువ కాదన్నారు. నీకు ఆర్నెల్లని చెప్పి వచ్చాను. తప్పుగా చెప్పానని కోప్పడకు, నేనూ అలాగే అనుకున్నాను.

ఇక దుకాణం సంగతి. నర్సింహులు పటేలు పప్పు మిల్లు బస్తాలకు ఎద్దు బొమ్మ గుర్తు గీయాలి. భీమయ్య సేటు నాపరాళ్ల డిపోకు బోర్డు రాయాలి. బట్టల దుకాణం వాళ్లది, హోటలు వాళ్లది, ఇంకా రెండో మూడో ఉన్నాయి. అందరికీ దసరా లోపల ఇస్తానని మాటిచ్చాను. ఎవరొచ్చినా జర ఆగమని చెప్పు. మార్పులు అడిగితే సరేనను. కాదని మాత్రం అనకు. ఈ పదేళ్లలో నేను ఎవరినీ కాదనలేదు. ఊళ్లో ఉర్దూ బోర్డుల పక్కన తెలుగు బోర్డులు లేచిన రోజుల నుంచి అందరూ నా దగ్గరికే రావడానికి కారణం అదే.

నువ్వు రంగులు కలపడం, నేను గీసిన అక్షరాలు నింపడం వరకే చేయి. కొత్తవి మొదలుపెట్టకు. నిచ్చెన ఎక్కకు.

నీ తమ్ముడు
శంకరప్ప

తాండూరు
29 జులై 1958

తమ్మి శంకరప్పకు, మందులు వేళకు మింగుతున్నావని నమ్మి అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పినట్టు చేద్దామనే దుకాణం తెరిచాను. తెరిచిన రోజే ముగ్గురు వచ్చారు. ముందు మాదే రాస్తానన్నాడని ముగ్గురూ అన్నారు. ఎవరిది ముందో చూద్దామంటే నువ్వు ఎక్కడా రాసిపెట్టలేదు. తలుపు వెనక గోడ మీద సుద్దతో గీసిన గీతలున్నాయి గానీ, వాన చెమ్మకు సగం పోయాయి. మిగిలిన సగం నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

నర్సింహులు పటేలు ఎద్దు కొమ్ములు వంచమన్నాడు. నువ్వు ఇప్పటికే నాలుగుసార్లు మార్చావట. ఇది అయిదోసారి. ఏ కొమ్ములు కావాలో ఆయనకే తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. పెన్సిలుతో మూడు ఎద్దులు గీసి ముందు పెట్టి, ఒకటి ఎంచుకొమ్మన్నాను. నడిమిది ఎంచుకున్నాడు. దాని కింద సంతకం చేయమన్నాను.

ఇకముందు ఇట్లా చేయాలని నిర్ణయించుకున్నాను. పని తెచ్చినవాళ్లు ఏ మాటలు రాయాలో, ఎంత పొడవు రేకో, ఏ రంగులో, ఏ తారీఖుకు కావాలో ఒక కాగితం మీద రాస్తాను. పెన్సిలు బొమ్మ చూపిస్తాను. రెండుసార్ల వరకు మారుస్తాను. ఒప్పుకున్నాక దాని మీద సంతకమో వేలిముద్రో పెట్టాలి. అది పడ్డాకే రంగు డబ్బా మూత తీస్తాను. ఆ తర్వాత మార్చమంటే అది కొత్త పని.

ఎవరినీ ఆగమని చెప్పలేదు. ఏడాది ఎవరు ఆగుతారు? హైదరాబాదు పోయి రాయించుకుంటారు. మేక ఈనింది, రెండు పిల్లలు. నిచ్చెన ఎక్కను. బోర్డులు వాకిట్లో పరిచి రాస్తాను, వడ్రంగి పని చేసే వడ్ల ఎల్లప్ప తీసుకుపోయి బిగిస్తాడు.

అక్క
కొండమ్మ

అనంతగిరి
20 ఆగస్టు 1958

అక్కా,

మొన్న నర్సింహులు పటేలు వికారాబాదు పని మీద వచ్చి, కొండ ఎక్కి నన్ను చూసిపోయాడు. బత్తాయిలు తెచ్చాడు. కూర్చున్నాక మెల్లగా అన్నాడు: “మీ అక్క నాతోని దస్కత్ పెట్టించుకుంది, శంకరప్పా. పదేండ్లల్ల నువ్వెన్నడన్న అడిగినవా?”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిందని చెప్పాను.

మన నాయిన ఆయన పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టినవాడు. అప్పుడు వాళ్ల గడప బయట నిలబడేవాళ్లం. ఈ రోజు ఆ ఇంటివాళ్లు మన దుకాణానికొచ్చి బల్ల మీద కూర్చుని చాయ తాగుతున్నారంటే అది నా చేతిపనికి, నా మాటకు దొరికిన మర్యాద. కాగితాలు ముందు పెట్టి వేలిముద్రలు తీసుకునేది వడ్డీ వ్యాపారులు. మనం కాదు. నా పద్ధతిలో దుకాణం సరిగా నడవలేదని నీకు అనిపించి ఉండవచ్చు. గోడ మీది గీతలు నీకు అర్థం కాకపోయినా నాకు అర్థమవుతాయి.

ఆ కాగితాలు ఆపేయి. ఇంతకుమించి రాస్తే దగ్గు వస్తుంది.

శంకరప్ప

తాండూరు
30 సెప్టెంబరు 1958

తమ్మీ, నీకు దగ్గు తగ్గాలని రోజూ తలుచుకుంటూ రాస్తున్నాను.

కాగితాలు ఆపలేదు. నీ మాట కాదన్నందుకు నెల రోజులు ఉత్తరం రాయడానికి చేయి రాలేదు. ఇప్పుడు జరిగినదంతా చెప్తాను, నా తప్పుతో సహా.

భీమయ్య సేటు డిపో బోర్డు చెప్పిన తారీఖుకే రాసి పంపాను. ఎల్లప్ప బిగించి వచ్చాడు. మర్నాడు సేటు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు తెలుగు బడిలో చదువుతున్నాడు. బజారులో నలుగురూ చూస్తుండగానే సేటు అడిగాడు: “నా పేరు గట్లనే రాస్తరా? పొరగాండ్లు నవ్వుతున్నరు.”

‘భ’ రాయాల్సిన చోట ‘బ’ రాశానట. నేను ఒప్పుకోలేదు. సేటు చెప్పినట్టే రాశానని వాదించాను. సంతకం పెట్టిన కాగితం తెచ్చి చూపిస్తానని అందరి ముందు లోపలికి పోయాను. తెచ్చి విప్పాను. దాని మీద నా చేత్తో నేనే గీసిన పెన్సిలు అక్షరం చక్కగా ‘భ’ అనే ఉంది. రేకు మీదికి ఎక్కించేటప్పుడు నేనే తప్పాను.

ఆ కాగితం మడిచి లోపల పెట్టుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధం చెప్పను. కానీ అప్పటికే అందరూ చూశారు. “తప్పు నాదే సేటు. రెండొద్దులల్ల మల్ల రాసిస్త, పైస వద్దు” అన్నాను. బోర్డు దింపించి, గీకి, మొదటి నుంచి రాశాను. రెండో రోజు పొద్దు మునిగే లోపల అది డిపో మీద ఉంది.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. నర్సింహులు పటేలు వాళ్ల మేనల్లుడి సైకిలు దుకాణానికి బోర్డు కావాలని తనే వచ్చాడు. నేను అడగకముందే కాగితం ఇమ్మన్నాడు. ఆ కాగితం వాళ్లనే కాదు, రాసే నన్నూ పట్టిస్తుందని తెలిసిందన్నాడు. వాళ్లను నమ్మక కాదు తమ్మీ, నేనూ దానికి కట్టుబడతానని చెప్పడానికే అది.

చిన్నప్పుడు నాయిన మందలో ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి నేనే ఎర్ర జాజు రంగుతో గుర్తులు పెట్టేదాన్ని, నీకు యాదుందా? అది ఎవరినీ అవమానించడానికి కాదు కదా.

అక్క

అనంతగిరి
19 అక్టోబరు 1958

అక్కా,

మత్తయ్య బావమరిది తాండూరు మీదుగా వచ్చాడు. మన దుకాణం ముందు శంకరప్ప అనే పేరు లేదని, బోర్డు ఉండే చోటు ఖాళీగా ఉందని చెప్పాడు. నిజమేనా అని రెండుసార్లు అడిగాను. నిజమే అన్నాడు.

ఇంత పొడుగు ఉత్తరంలో నువ్వు ఆ సంగతి రాయలేదు.

నేను బతికే ఉన్నాను అక్కా.

శంకరప్ప

తాండూరు
2 నవంబరు 1958

తమ్మీ,

నీ ఆరు వాక్యాలు చదివి ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

పేరు తీసింది నేనే. భీమయ్య సేటు బోర్డు దింపిన రోజే తీశాను. ఆ రోజు బజారులో ఒకాయన “శంకరప్ప రాత గిట్లయిందేంది” అన్నాడు. తప్పు చేసింది నేను, మాట పడింది నీ పేరు. పదేళ్లలో నువ్వు ఒక్క అక్షరం తప్పలేదు. నేను మూడు నెలల్లోనే తప్పాను. నా తప్పులు నీ పేరు కింద ఉండకూడదని ఆ బోర్డు తీసి, గుడ్డ చుట్టి, అటక మీద పెట్టాను. ఇది రాస్తే నీకు ఫికర్ అవుతుందని రాయలేదు. రాయకపోవడమే ఎక్కువ చెరుపు చేసిందని ఇప్పుడు తెలిసింది.

కాగితాల మీద ఇప్పుడు ‘పని చేసినది కొండమ్మ’ అని రాస్తున్నాను. జనం కూడా బోర్డుల కొండమ్మ అంటున్నారు. నాకు మొదట సిగ్గేసింది, ఇప్పుడు అలవాటైంది.

ఇంకొక సంగతి. సరిహద్దు అవతలి నుంచి ఒక వ్యాపారి కన్నడంలో బోర్డు కావాలని వచ్చాడు. నమూనా చూసి దించితే చాలన్నాడు. నాకు చదవరాని అక్షరం నేను రాయనని చెప్పి, అటే సేడం పోయి రాయించుకొమ్మన్నాను. కాదనడం అదే మొదటిసారి. ఆయన కోపగించుకోలేదు. చాయ తాగి పోయాడు.

అసలు సంగతి ఇది. పరిగి బ్లాకు ఆఫీసు వాళ్లు ఊళ్ల పేర్లు తెలుగులో రాయించి ఊరి మొదట్లో నాటిస్తారట. మొత్తం నలభై ఊళ్లు. రాసేవాళ్లు ముందుగా అక్షరాలన్నీ ఒక పటం మీద గీసి చూపించాలి. దూరం నుంచి బస్సులో పోయేవాడికి కూడా కనబడాలి. నేను గీసిన పటం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నువ్వు ఎట్లా గీస్తావో అట్లా గీయలేదు, నా చేతికి వచ్చినట్టు గీశాను. చూసి చెప్పు. జనవరి మొదటి వారంలో ఆఫీసులో ఇవ్వాలి.

కొండమ్మ

తాండూరు
14 జనవరి 1959

తమ్మి శంకరప్పకు,

పటం తిరిగి వచ్చింది. ఎర్ర పెన్సిలుతో పదిహేను చోట్ల గీతలున్నాయి. ఉత్తరం లేదు, ఒక్క మాట కూడా లేదు. కవరు మీది చిరునామా కూడా నీ చేతిరాత కాదు.

నా మీద నీకు కోపం పోలేదని అనుకున్నాను. రెండు రోజులు ఆ పటం ముట్టుకోలేదు. మూడో రోజు, కోపమున్నవాడు పదిహేను అక్షరాలు చూడడు కదా అనిపించి, వెలుతురులో పరిచి ఒక్కొక్కటీ చూశాను. పన్నెండు చోట్ల నువ్వన్నదే సరి. ‘ఘ’ నిజంగానే కూలబడినట్టుంది. అన్నీ దిద్దాను. మూడు మాత్రం దిద్దలేదు. ‘క’, ‘ద’, ‘శ’ తలకట్లు నువ్వు సన్నం చేయమన్నావు. బల్ల మీద అవి అందంగా ఉంటాయి. కానీ నేను పటం గోడకు కొట్టి, వీధి చివరి నుంచి చూశాను. సన్నం చేస్తే కనబడవు. వద్దనుకున్నాను.

పటం తీసుకుని పరిగి పోయాను. ఆఫీసరు గారు మర్యాద గల మనిషే. పటం చాలాసేపు చూసి, మీ ఇంట్లో ఈ పని చేసే మగవాళ్లెవరని అడిగారు.

“చేసేది నేనే సార్. తారీఖు తప్పితే పట్టుకునేది నన్నే. కాగితం మీద నా పేరే రాయుండ్రి” అన్నాను.

ఆయన కలం మూత తీశారు. ఆలస్యమైతే ఏం చేస్తావన్నారు. విడతకు పది బోర్డుల చొప్పున నాలుగు విడతలుగా ఇస్తాననీ, ఒక విడత తప్పితే తర్వాతి విడత వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చనీ నేనే రాసి ఇచ్చాను. చదివి సంతకం చేశారు. పని వచ్చింది.

ఇది మొదట నీకే చెప్పాలని రాస్తున్నాను. కోపమున్నా సరే, బాగున్నానని ఒక కార్డు ముక్క రాయి.

అక్క

అనంతగిరి
6 ఫిబ్రవరి 1959

అక్కా, నీకు నా మీద ఎంత అనుమానం కలిగిందో తెలిసి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

నాకు కోపం లేదు. నీ నవంబరు ఉత్తరం చదివిన రోజే పోయింది. ఆ తర్వాత వారానికి నాకు దగ్గులో రక్తం పడింది. కదలవద్దు, మాట్లాడవద్దు, రాయవద్దు అన్నారు. ఆరు వారాలు వెల్లకిలా పడుకున్నాను. నీ పటం మత్తయ్య నా ముఖానికి పైన పట్టుకుని నిలబడేవాడు. రోజుకు రెండు మూడు అక్షరాలు చూసి ఎర్రగీత పెట్టేవాణ్ని. నర్సమ్మ వస్తుంటే దుప్పటి కింద దాచేవాళ్లం. చిరునామా మత్తయ్యే రాశాడు. నీకు చెప్పవద్దన్నది నేనే. నువ్వు పని వదిలి పరుగెత్తి వస్తావని భయం. దాచడంలో మనిద్దరం ఒకటే.

నువ్వు దిద్దని మూడింటిలో రెండింటికి నీ మాటే సరి. ‘శ’ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఇప్పుడు కష్టమైన మాట. రక్తం ఆగింది, మందు పట్టింది. తిరిగి వస్తానని డాక్టరు గారు అంటున్నారు. కానీ రంగుల వాసన, టర్పెంటైను, నిచ్చెన, ఎండలో నిలబడి రాయడం, ఇవేవీ ఇక లేవన్నారు. ఎన్నాళ్లని అడిగితే, ఎన్నాళ్లని కాదు, ఇక లేవు అన్నారు.

నాకు వేరే పని రాదు. అక్కడికి వచ్చి నేనేం చేయాలి? నీ చేతి కింద తిని కూర్చోవాలా? కొండ దిగి ఎటైనా పోవాలని కూడా ఒక రోజు అనిపించింది. మత్తయ్య తిట్టాడు.

శంకరప్ప

తాండూరు
15 ఫిబ్రవరి 1959

తమ్మీ,

మత్తయ్య తిట్టింది చాలదు. నేను కూడా తిడుతున్నాననుకో.

నువ్వేం చేయాలో రాస్తున్నాను, ఊరడించడానికి కాదు, నాకు నిజంగా అవసరమై. ఇక్కడ పని పెరిగింది. నలభై ఊళ్ల బోర్డులు కాక, పప్పు మిల్లుల గుర్తులు మూడు వచ్చాయి. బొమ్మలు గీయడంలో నేను నీకు సరిరాను. నా ఎద్దు ఇప్పటికీ గొర్రెలాగే ఉంటుంది. పెన్సిలుకు వాసన లేదు, నిచ్చెన అక్కర్లేదు. గుర్తులు, అక్షరాల నమూనాలు నువ్వు లోపలి గదిలో కూర్చుని గీస్తావు. రేకు మీదికి నేను ఎక్కిస్తాను. ఎక్కించినదాన్ని కాగితంతో సరిచూసి, సరే అన్నాకే బయటికి పంపేది నువ్వు. నేను ఒకసారి తప్పాను. నా కన్ను ఒక్కటే చాలదు.

ఒక్క షరతు. వచ్చినవాళ్లందరికీ సరే అనకూడదు. చేయలేని తారీఖును చేయలేమని చెప్పాలి. అది నీకు రాదు. అక్షరాలు నువ్వు నాకు నేర్పావు, ఇది నేను నీకు నేర్పుతాను. ఆలోచించి రాయి. ఇష్టం లేకపోతే అదీ రాయి, మొహమాటానికి ఒప్పుకోవద్దు.

కొండమ్మ

అనంతగిరి
3 ఆగస్టు 1959

అక్కకు మొక్కి,

నీ ఫిబ్రవరి ఉత్తరానికి ఒప్పుకుంటున్నానని కార్డు మీద ఒక్క మాటే రాశాను. నిజం చెప్పాలంటే అప్పుడు సగం మనసుతోనే రాశాను. ఈ అయిదు నెలల్లో నువ్వు పంపిన ఊళ్ల పేర్లకు నమూనాలు గీసి పంపుతూ ఉంటే మిగతా సగం కూడా కుదిరింది. మొదటి రెండు విడతలూ తారీఖుకు అందాయని ఆఫీసరు గారు మెచ్చుకున్నారని రాశావు. ఆ ముక్క మత్తయ్యకు చదివి వినిపించాను. అతను గత వారం ఇంటికి పోయాడు. మంచం ఖాళీగా కనిపిస్తే తోచడం లేదు.

ఇక్కడ ఒకాయన వాళ్ల దుకాణానికి అక్షరాలు గీసివ్వమన్నాడు, రెండు రోజుల్లో కావాలన్నాడు. వారం పడుతుందని చెప్పాను. సరే అనబోయి ఆపుకుని చెప్పాను. ఆయన సరే అన్నాడు.

నన్ను ఇరవై రెండో తారీఖున పంపిస్తారు. కఫంలో ఏమీ లేదని తేలింది. సాయంత్రం బండికి తాండూరులో దిగుతాను. నువ్వు స్టేషనుకు రా. ఏడాది దాటింది చూసి.

శంకరప్ప

తాండూరు
9 ఆగస్టు 1959

తమ్మీ, ఈ ఉత్తరం నవ్వుకుంటూ మొదలుపెట్టాను. ఎలా ముగించాలో తెలియడం లేదు.

ఇరవై రెండో తారీఖున నేను స్టేషనుకు రాలేను. మూడో విడత పది బోర్డులు ఆ రోజే పరిగి అవతల దోమ అనే ఊరి వైపు పల్లెల్లో నాటి చూపిస్తానని రాసి ఇచ్చాను. వానలకు రంగు ఆరక ఇప్పటికే రెండు రోజులు పోయాయి. ఎల్లప్ప, నేను బండి కట్టుకుని ముందు రోజే బయలుదేరుతాం. ఆఫీసరు గారిని అడిగితే ఒక రోజు ఇస్తారేమో. అడగాలని రెండుసార్లు కాగితం తీశాను. నువ్వు ఇంటికొచ్చే రోజు నేను ఎదురు రాకపోతే ఎట్లా అని మనసు పీకుతున్నది. కానీ ఆడమనిషి కాబట్టి ఇంటి పని చెప్పి తారీఖు తప్పిందనే మాట ఒక్కసారి పడితే, మళ్లీ పని అడగడానికి నోరు రాదు. అందుకే అడగలేదు.

తాళం చెవి పక్కింటి దేవమ్మ దగ్గర ఉంటుంది. నీ గదికి సున్నం వేయించాను. రంగు డబ్బాలన్నీ వెనక కొట్టంలోకి మార్చాను, వాసన రాదు. దేవమ్మ వేడిగా వండి పెడుతుంది. నేను మర్నాటికి వస్తాను. నన్ను తప్పుగా అనుకోకు.

అక్క

అనంతగిరి
13 ఆగస్టు 1959

అక్కా,

అడగకపోవడమే మంచిదైంది. నాకు ఎందుకు తప్పుగా తోస్తుంది?

నేను తాండూరు బండి ఎక్కను. డాక్టరు గారిని అడిగాను. ఇరవై రెండున పొద్దున్నే బస్సులో పరిగికి, అక్కడి నుంచి ఏదో ఒక బండి పట్టుకుని దోమకు వస్తాను. బరువులు ఎత్తవద్దన్నారు. దూరంగా నిలబడి బోర్డు వంకరగా ఉందో తిన్నగా ఉందో చెప్పడానికి ఏ అభ్యంతరమూ లేదన్నారు.

మీరు దోమ ఊరి మొదట్లోనే ఉండండి. జొన్నరొట్టెలు నాకూ కలిపి కట్టుకో.

శంకరప్ప